గోపాలన్ పవర్

ఆ రోజు గోపాలన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం ఎనిమిదింటికల్లా వీధివాళ్లు మైదానంలో సాచిన నూలు పడుగులు చుట్టుకుని ఇళ్లకు పోతారు. పదింటికి సొసైటీ ఆఫీసు తలుపు తీయాలి. ఈ మధ్యలో ఎవరి కంటా పడకుండా అరవైసార్లు బంతిని దూరంగా కొట్టాలి, ముప్ఫైసార్లు గుంటలో వేయాలి. ఆ తరువాత ఇంటికి వచ్చి చద్దన్నం తిని, ఏమీ ఎరగనివాడిలా రిజిస్టరు ముందు కూర్చోవాలి.

తిరుత్తణికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ నేతవీధిలో ఎవరి కంటా పడకుండా ఒక పని చేయగలననుకోవడమే అతను చేసిన మొదటి తప్పు.

గోపాలన్‌కు నలభై ఆరేళ్లు. చేనేత సొసైటీలో గుమాస్తా. పెళ్లికి ముందు ఆరేళ్లు మద్రాసులో ఏదో క్లబ్బులో పనిచేశాడని మాత్రమే అతని భార్య కన్నియమ్మకు తెలుసు. అది గోల్ఫ్ ఆడే క్లబ్బు. అతని పని, పెద్దమనుషులు ఆడుతుంటే వాళ్ల కర్రల సంచి మోస్తూ వెనకాల నడవడం. సోమవారం క్లబ్బుకు సెలవు. ఆ రోజు సంచులు మోసేవాళ్లంతా వెనక గోడ పక్కన చేరి, విరిగిన కర్రలతో, పొదల్లో దొరికిన బంతులతో తమలో తాము ఆడుకునేవారు. గోపాలన్ కర్ర ఎత్తితే మిగిలినవాళ్లు ఆట ఆపి చూసేవారు. బంతి అంత దూరం పోయేది. కానీ గోడకు అవతల ఉన్న ఆ పచ్చగడ్డి మీద ఆటగాడిగా అతను ఒక్క అడుగు కూడా వేయలేదు. వేయడానికి లేదు. తండ్రి పోయాక ఊరికి వచ్చేశాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. ఆ ముచ్చట ఎవరికీ చెప్పలేదు.

కిందటి నెల, సొసైటీ నేసే గళ్ల లుంగీలను పై దేశాలకు పంపే వ్యాపారి శివప్రకాశం మద్రాసు నుంచి మొదటిసారి స్వయంగా వచ్చాడు. ఆయన లోపల గుడ్డ చూస్తుండగా, వాకిట్లో కాలికి అడ్డం వచ్చిన, నూలు చుట్టే ఖాళీ కండెను గోపాలన్ గొడుగు తిరగేసి ఒక దెబ్బ కొట్టాడు. అది ప్రహరీ దాటి, రోడ్డు దాటి, అవతలి చింతచెట్టులో పడింది. శివప్రకాశం గుడ్డ వదిలేసి వాకిట్లోకి వచ్చాడు.

"నువ్వు సోమవారం గోపాలువి గదయ్యా!" అన్నాడు.

ఆయన ఆ గోల్ఫ్ క్లబ్బు సభ్యుడు; ఇరవై నాలుగేళ్ల తరువాత ఆయన నోట ఆ పేరు వినేసరికి గోపాలన్ చేతిలోని గొడుగు దానంతట అదే తెరుచుకుంది.

వచ్చే నెల మొదటి ఆదివారం క్లబ్బులో జంటల పోటీ ఉంది. శివప్రకాశంతో జంటగా ఆడే ఆయనకు కడుపులో ఆపరేషన్ అయింది. సభ్యుడు తనకు నచ్చినవాడిని జంటగా తెచ్చుకోవచ్చు. "నాతో ఆడతావా?" అని ఆయన అడిగాడు. గోపాలన్ తల ఊపాడు. ఆ వారమే తిరువళ్లూరు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఆయన రెండు కర్రలూ ఆరు బంతులూ లుంగీ గుడ్డలో చుట్టి ఇచ్చి వెళ్లాడు. పెద్ద తల ఉన్నది దూరం కొట్టడానికి, దాని పేరు డ్రైవర్. చదునుగా ఉన్నది మెల్లగా దొర్లించి గుంటలో వేయడానికి.

మైదానం అంటే వీధి చివర పడుగులు సాచి గంజి పట్టించే చోటు. నూట యాభై గజాల పొడుగున నున్నగా, తిన్నగా ఉంటుంది. ఆ పైన ఎండిపోయిన చెరువు. ఇంతకు మించిన చోటు రాజులకు కూడా దొరకదనుకున్నాడు గోపాలన్. జామ్ డబ్బాతో కొలిచి ఒక గుంట తవ్వాడు. పక్కన ఎర్రగుడ్డ కట్టిన పుల్ల పాతాడు.

అతను సాధన చేసే తీరు చూసి తీరవలసింది. వీధిలో మగ్గాల చప్పుడు వినిపించేదాకా కర్ర ఎత్తేవాడు కాదు. మగ్గంలో నేతగాడు కాలు తొక్కిన చప్పుడుకు భుజం తిప్పేవాడు. పోగు మోసే నాడె ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తినప్పుడు కర్ర పైకి. పోగును బిగించే పలక దబ్బున పడినప్పుడు దెబ్బ. అంతే, బంతి మైదానం మీదుగా, తుమ్మచెట్ల మీదుగా చెరువు నడుమకు పోయి పడేది. తరువాత చెరువులోకి నడిచి వెళ్లి బంతులన్నీ ఏరుకుని వచ్చి మళ్లీ కొట్టేవాడు. దొర్లించడం ఇంకా కష్టం. పన్నెండు అడుగుల దూరం నుంచి ముప్ఫైసార్లలో ఇరవై నాలుగు పడేదాకా ఇంటికి పోయేవాడు కాదు. అరచేతుల్లో బొబ్బలు వచ్చాయి. వాటికి వేపనూనె రాసుకుని రిజిస్టరు రాశాడు.

మూడో రోజు ఒక బంతి పక్కకు తిరిగి తిరుమలమ్మ పెరట్లో పడింది. తిరుమలమ్మ పక్కింటి ఆవిడ. ఆమెను అడిగితే వీధి మొత్తానికి చెప్పినట్టే. గోపాలన్ ఐదు బంతులతో సరిపెట్టుకున్నాడు.

బుధవారం అతను మైదానంలో ఉండగా ఇంటికి కార్డు వచ్చింది. కన్నియమ్మకు చదువు రాదు. పోస్టుమాన్‌నే చదివి పెట్టమంది. తిరుమలమ్మ గోడ అవతల గంజికుండ కడుగుతూ, కడగడం ఆపింది. కార్డులో అరవంలో ఇలా ఉంది: "గోపాలన్, పవర్ తగ్గకూడదు. దూరం ముఖ్యం. గుంట నాలుగుంపావు అంగుళాలు ఉండాలి, కొలత తప్పవద్దు. ఆదివారం ఉదయం ఆరు గంటలకు కారులో వస్తాను. అంతవరకు మన ఇద్దరి మధ్యే ఉండనీ. శివప్రకాశం."

ఆ వీధిలో పవర్ అనే మాటకు ఒకటే అర్థం. కరెంటుతో నడిచే మగ్గం. ఒక పవర్ మగ్గం ఎనిమిది చేతిమగ్గాల పని చేస్తుందట. చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లలో అది అప్పటికే వచ్చింది. "ఆ ఊళ్లో పవర్ వచ్చింది" అని చెప్పేటప్పుడు జనం వాంతిభేది వచ్చిందని చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పేవారు.

"విన్నావా కన్నియమ్మా? పవర్ అంట!" అంది తిరుమలమ్మ గోడ మీదుగా.

"ఆఫీసు సంగతి ఏదో అయ్యుంటాదిలే అక్కా."

"ఆఫీసు సంగతయితే ఇద్దరి మధ్యనే ఉండనీ అని ఎందుకు రాస్తారే? మైదానం నడిమద్దెన గుంట తవ్వి ఉండాడు నీ మొగుడు, నేను కండ్లారా చూసినా. పక్కన ఎర్రగుడ్డ కట్టిన పుల్ల ఒకటి. సర్వే వాళ్లు పాతినట్టే ఉండాది."

మధ్యాహ్నానికి గుంట చుట్టూ పదిమంది చేరారు. వీధి పెద్ద తణికాచలం, డెబ్బై ఏళ్లవాడు, వంగి నూలుపోగుతో గుంట కొలిచాడు. సరిగ్గా నాలుగుంపావు.

"మోటారు బోల్టు దించేదానికి ఇంత చాలు. మంచి పనివాడే తవ్వి ఉండాడు" అన్నాడు. ఆ చివరి మాట పొగడ్తలాగే వినిపించింది. తణికాచలానికి పని బాగుంటే ఎవరిదైనా మెచ్చుకోకుండా ఉండలేని జబ్బు ఉంది.

సాయంత్రం ఆయన సొసైటీకి వెళ్లి గోపాలన్‌ను మెల్లగా కదిపాడు.

"ఏమబ్బా, దినామూ పొద్దున మైదానంలో ఏం చేస్తా ఉండావు?"

గోపాలన్ అబద్ధం చెప్పలేడు. నిజం చెబితే నలభై ఆరేళ్లవాడు బంతాట ఆడుతున్నాడని నవ్వుతారు. అందుకని సగం నిజం చెప్పాడు.

"డ్రైవింగ్ ప్రాక్టీసు చేస్తా ఉండా మామా."

"ఏ డ్రైవింగు?"

"పవర్ డ్రైవింగు" అన్నాడు గోపాలన్ తల వంచుకుని. నిజం చెప్పినట్టూ, గుట్టు దాచినట్టూ అయిందనుకున్నాడు.

తణికాచలం వీధిలోకి వచ్చి, "వాడి నోటితోనే ఒప్పుకున్నాడు. పవర్ నడిపేది నేర్చుకుంటా ఉండాడు" అని చెప్పాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ కన్నియమ్మ మొగుడి అరచేతులు చూసింది. "ఏంది ఈ బొబ్బలు? వీధంతా నన్ను చూసి గుసగుసలాడతా ఉండారు. నాకన్నా నిజం చెప్పు. నువ్వు మద్రాసులో ఏం పని చేసినావు? ఆ శివప్రకాశానికీ నీకూ ఏంది సంబంధం?"

గోపాలన్ ముద్ద కింద పెట్టాడు. ఇరవై నాలుగేళ్లు దాచిన మాట. భార్య దగ్గర ఇంకా దాచడం తప్పనిపించింది.

"చెప్తే మనసు కష్టపెట్టుకోవద్దు. మద్రాసులో ఆరేండ్లు నేను కేడీగా ఉండినా."

గోల్ఫులో కర్రల సంచి మోసేవాడిని ఇంగ్లీషులో కేడీ అంటారు. తిరుత్తణి పక్క కేడీ అంటే పోలీసు స్టేషన్ గోడ మీద ఎవరి పేరు రాసి ఉంటుందో వాడు. కన్నియమ్మ చేతిలో గరిటె సాంబారు గిన్నెలో మునిగిపోయింది.

"కేడీవా?"

"ఊరికే కేడీ కాదు" అన్నాడు గోపాలన్, కొంచెం రోషంగా. "నంబర్ వన్ కేడీ. పెద్ద పెద్ద వాళ్లు నేనే కావాలని అడిగేవాళ్లు. ఈ శివప్రకాశం సారుకు నేను లేకుంటే చెయ్యి ఆడేది కాదు."

గోడ అవతల తిరుమలమ్మ ఇంట్లో దీపం ఆరిపోయింది. ఆవిడ చెవులకు వెలుతురు అక్కర్లేదు.

గురువారం పొద్దున్నకు గోపాలన్ మద్రాసులో మూడు బ్యాంకులు కొట్టాడు. శుక్రవారానికి శివప్రకాశం ఆ ముఠాకు నాయకుడయ్యాడు. దొంగసొమ్ముతోనే పవర్ మగ్గాలు కొంటున్నారనీ, మైదానంలో షెడ్డు వేస్తారనీ, ఆదివారం ఆరింటికి మోటార్లు కారులో వస్తాయనీ అందరికీ తేలిపోయింది. ఒక్క మోటారు కూడా కారులో పట్టదని ఎవరికీ తోచలేదు. కన్నియమ్మ మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. శుక్రవారం సాయంత్రం మొగుడి బొబ్బలకు తనే వేపనూనె రాసింది. "నువ్వు ఏం చేసినా నేను నీ పక్కనే ఉంటా. జైలుకు పోయినా అన్నం తెస్తా" అంది. పోటీ గురించి ఆమెకు ఎలాగో తెలిసిపోయిందనుకుని గోపాలన్ కళ్లు తుడుచుకున్నాడు. ఓడిపోయేవాడికి జైలెందుకో అడగాలని కూడా తోచలేదు.

శనివారం వీధివాళ్ల కూటం జరిగింది. గోపాలన్‌ను పిలవలేదు. కారును వీధిలోకి రానివ్వకూడదు, గోపాలన్‌ను వీధి దాటనివ్వకూడదు అని తీర్మానించారు. కొట్లాట వద్దన్నాడు తణికాచలం. కొట్లాట అక్కర్లేని ఉపాయం ఆయన దగ్గర ఉంది. ఆ వీధిలో సాచిన పడుగును ఎవరూ దాటరు. పసిపిల్ల కూడా దాటదు. దాటితే మగ్గానికి అరిష్టమని వాళ్ల నమ్మకం. గోపాలన్ ఎంత కేడీ అయినా నేతవాడు.

ఆదివారం ఐదున్నరకు గోపాలన్ స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, లుంగీ గుడ్డలో చుట్టిన రెండు కర్రలు భుజాన వేసుకుని గుమ్మం దిగాడు. వీధి మొగన ఈ గోడ నుంచి ఆ గోడకు పడుగు సాచి ఉంది. ఎరుపూ పచ్చా గళ్లకు వేసిన కొత్త పడుగు, రెండువేల పోగులు. దాని వెనక వీధి మొత్తం నిలబడి ఉంది. అవతల రోడ్డు మీద శివప్రకాశం ఫియట్ కారు హారన్ కొడుతోంది.

"ఇదేంది మామా? ఈడ సాచినారేంది పడుగు?" అన్నాడు గోపాలన్.

"దారి లేదు నాయనా. ఇంటికి పో" అన్నాడు తణికాచలం.

"ఈ ఒక్కదినం మామా! తొమ్మిదింటికి ఆడ ఉండకపోతే పేరు కొట్టేస్తారు. ఇంక ఈ జన్మలో నాకీ దినం రాదు."

"రాకూడదనే గదా మేం నిలబడింది" అంది తిరుమలమ్మ.

గోపాలన్ పడుగు దగ్గరికి వచ్చాడు. ఒక్క అడుగు వేస్తే చాలు. పోగులు మోకాలి ఎత్తున కూడా లేవు. అతను వాటిని చూశాడు, అవతల కారును చూశాడు, మళ్లీ పోగులను చూశాడు. ఆ తరువాత మెల్లగా నేల మీద కూర్చున్నాడు. దాటలేదు. అది చూసి తణికాచలం మొహం తిప్పుకున్నాడు.

కారులోంచి శివప్రకాశం దిగాడు. గళ్ల ప్యాంటు, తెల్ల టోపీ. "ఎన్నయ్యా ఇది కలాట్టా?" అని, ఆ గొడవేంటో తెలియక అరవంలో అరిచాడు. ఆయనా ముప్ఫై ఏళ్లుగా గుడ్డ వ్యాపారంలో ఉన్నవాడే. పడుగు చూసి ఆగి, దాన్ని తాకకుండా పక్క సందులో తిరిగి మైదానం మీదుగా వీధిలోకి రావాలని బయలుదేరాడు. గబగబా నడిచాడు. మైదానం నడుమ, నాలుగుంపావు అంగుళాల గుంటలో ఆయన కుడి బూటు ముక్కు సరిగ్గా దిగింది.

ఆయన పడిన చప్పుడు వీధిలోకి వినిపించింది. ఆ వెంటనే కేక.

అంతవరకు ఆయనను తిడుతున్న తిరుమలమ్మే అందరికన్నా ముందు పరిగెత్తింది. ఆవిడ పుట్టిల్లు ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు పక్కన. బెణికిన చెయ్యి కనిపిస్తే ఆవిడకు శత్రువూ లేడు, మిత్రుడూ లేడు. శివప్రకాశం కుడి మణికట్టు పట్టుకుని ఒత్తి చూసింది.

"విరగల్యా. పక్కకు జరిగింది. కట్టు కడితే పది దినాల్లో సరిపోతుంది. కేడీ అయితే మాత్రం నొప్పి ఉండదా? కన్నియమ్మా, వెదురు బద్దలు తే! నేను గుడ్లు తెస్తా!"

గుడ్డు తెల్లసొనలో ముంచిన గుడ్డతో కట్టు కట్టడం ఆ పక్క పద్ధతి. తిరుమలమ్మ తన పెరట్లో పెట్ట పొదిగే బుట్ట దగ్గరికి వెళ్లి, పెట్టను తోసి, చేతికి అందిన మూడు గుడ్లు తెచ్చింది. మొదటిది పగిలింది. రెండోది పగిలింది. మూడోది రాతికి కొడితే ఎగిరి వచ్చి ఆవిడ మోకాలికి తగిలింది. మళ్లీ కొట్టింది. అది తణికాచలం చెవి పక్కగా దూసుకుపోయింది.

"అయ్యో, దీనికి అమ్మవారు పోసి ఉండాదే! ఒళ్లంతా గుంటలు!" అంది తిరుమలమ్మ, దాన్ని తెచ్చి చూసుకుంటూ. "దీన్నే నా పెట్ట పదిదినాలుగా పొదుగుతా ఉండాది!"

"అది నా బంతి అక్కా" అన్నాడు గోపాలన్.

వీధి మొత్తం అతని వైపు తిరిగింది. గోపాలన్ ఇంక దాచేదేమీ లేదనుకుని లుంగీ గుడ్డ విప్పి రెండు కర్రలూ నేల మీద పెట్టాడు. క్లబ్బు, సంచి, సోమవారాలు, పోటీ, అన్నీ చెప్పాడు. తణికాచలం గొంతు సవరించుకున్నాడు.

"అయితే పవర్ అంటే?"

"చేతి బలం మామా."

"కేడీ అంటే?"

"సంచి మోసేవాడు."

"థూ, ఇంతేనా!" అంది తిరుమలమ్మ. మూడు బ్యాంకులు పోయినందుకు ఆవిడకు నిజంగానే బాధ కలిగింది.

శివప్రకాశం కట్టు కట్టిన చెయ్యి ఎత్తాడు. "పవర్ మగ్గం గుడ్డ నాకు ఎందుకయ్యా? మీ చేతిమగ్గం గుడ్డ అనే గదా పై దేశంవాడు కొనేది! మిషను గుడ్డ పంపితే తిరగ్గొట్టి నా మొహాన వేస్తాడు."

"సరి, సరి. మాటలు చాలు" అన్నాడు తణికాచలం. "అబ్బీ గోపాలన్, కొట్టి చూపించు."

గోపాలన్ మైదానం చివర నిలబడ్డాడు. ఆదివారం పొద్దున, మగ్గాల చప్పుడు లేదు. కర్ర పట్టుకుని ఒక నిమిషం అలాగే ఉన్నాడు. చెయ్యి కదలలేదు. కన్నియమ్మకు ఏమర్థమైందో, పక్కింటి వాకిట్లోకి వెళ్లి మగ్గంలో కూర్చుని కాలు తొక్కింది. నాడె పరిగెత్తింది. పలక పడింది. దానితోపాటే దెబ్బ పడింది.

బంతి తుమ్మచెట్లు దాటింది, చెరువు దాటింది, అవతలి గట్టు దాటింది. అది ఎక్కడ పడిందో ఎవరికీ కనిపించలేదు. వీధి నోళ్లు తెరిచి నిలబడింది. తరువాత గోపాలన్ చదును కర్ర తీసి, శివప్రకాశం కూలిన గుంటకు పన్నెండు అడుగుల దూరంలో ఇంకో బంతి పెట్టి మెల్లగా తట్టాడు. అది తొందరేమీ లేనట్టు దొర్లుకుంటూ వెళ్లి గుంటలోకి దిగింది.

"ఆహా!" అన్నాడు తణికాచలం. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం పనిరా అది! పోగు తెగకుండా అతికినట్టుండాదే!" వెంటనే ఆయన గొంతు మారిపోయింది. "నిలబడి చూస్తారేందిరా? టైము ఆరూ ముప్పావు! పడుగు చుట్టండి!"

ఇప్పుడు పడుగు కష్టం వాళ్లకే వచ్చింది. రెండువేల పోగులు చిక్కు పడకుండా చుట్టాలంటే అరగంట. దాటడానికి వీల్లేదు, తెంచడానికి వీల్లేదు. శివప్రకాశంలా సందులో తిరిగి వెళ్లమందామంటే, ఆయన అటు దూరగానే తిరుమలమ్మ ముందుచూపుతో కుర్రాళ్ల చేత ఆయన వెనకాల ఆ సందులో కూడా ఒక పడుగు సాచేయించింది. వీధి మొత్తం, ఆడా మగా, ఊపిరి బిగబట్టి చుట్టారు. ఆ ఊళ్లో పడుగు అంత త్వరగా చుట్టడం అదే మొదటిసారి. ఇరవై రెండు నిమిషాలు.

శివప్రకాశం కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి కారు నడపలేడు. వీధిలో లారీ నడిపే అనుభవం ఉన్న ఒకే ఒక్కడు రాజమాణిక్యం స్టీరింగు పట్టాడు. కన్నియమ్మ ఎవరూ పిలవకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. "మీ చెయ్యి ఇట్లా అయిపోయిందే సార్, ఇంక పోటీ ఎట్లా?" అని గోపాలన్ దారంతా అడుగుతూనే ఉన్నాడు. ఆయన తిరువళ్లూరు దాటాక గానీ జవాబు చెప్పలేదు. "జంటలో ఒకడు ఆడలేకపోతే రెండోవాడు ఒక్కడే ఆడొచ్చు. రూలు ఉండాది. నువ్వు ఒక్కడివే ఆడాల. భయమా?"

"భయమే సార్" అన్నాడు గోపాలన్.

"మంచిది. భయం ఉన్నోడు దొర్లించేటప్పుడు తొందరపడడు."

తొమ్మిదికి రెండు నిమిషాలు ఉండగా కారు క్లబ్బు ముందు ఆగింది. గోపాలన్ దిగి, ఆలోచించకుండానే ప్రహరీ వెంబడి పక్క సందు వైపు నడవసాగాడు.

"యాడికి పోతా ఉండావు?" అంది కన్నియమ్మ. "గేటు ఈడుండాది గదా!"

గోపాలన్ ఆగాడు. ఆరేళ్లు అతను లోపలికి వెళ్లింది ఆ పక్క సందు తలుపులోంచే. వెనక్కు వచ్చి, భార్య పక్కన నడిచి, పెద్ద గేటులోంచి లోపలికి వెళ్లాడు. కాపలావాడు సలాము కొట్టాడు. గోపాలన్ ఆ సలాము ఎవరికోనని వెనక్కు తిరిగి చూశాడు.

అప్పటికే మిగిలిన జంటలన్నీ ఆట మొదలుపెట్టాయి. సంచులు మోసేవాళ్లంతా వాళ్ల వెంట వెళ్లిపోయారు. శివప్రకాశం కారు వెనకనుంచి పద్నాలుగు కర్రల సంచి దించగానే గోపాలన్ చెయ్యి అలవాటుగా దాని పట్టీ కిందికి వెళ్లింది. బల్ల ముందు కూర్చుని పేర్లు రాసుకుంటున్న క్లబ్బు సెక్రటరీ అద్దాల పైనుంచి చూశాడు.

"పోటీ రోజున ఆటగాడు సంచి మోయకూడదు. అది ఇక్కడి పద్ధతి. మోసేవాడు లేకపోతే పేరు కొట్టేస్తాను" అన్నాడు.

"మోసేవాళ్లు ఎవరూ లేరే!" అన్నాడు గోపాలన్. ఇంత దూరం వచ్చాడు, గడ్డి ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

"నేను మోస్తా" అని కన్నియమ్మ చీర చెంగు బిగించింది. ఆడవాళ్లను ఆట జరిగే చోటికి రానివ్వరని సెక్రటరీ చెప్పాడు. అతను కలం మూత తీశాడు. గోపాలన్ పేరు మీద కలం పెట్టాడు.

శివప్రకాశం ఒకసారి తన కట్టు చూసుకున్నాడు. ఒకసారి తనకు బాగా తెలిసిన తోటి సభ్యులు వరండాలో కాఫీ తాగుతుండడం చూశాడు. తెల్ల టోపీ తీసి కన్నియమ్మ చేతికిచ్చాడు. ఎడమ భుజం వంచి, సంచి పట్టీ తగిలించుకున్నాడు.

"ఆడేదానికి గదా చెయ్యి కావాల. మోసేదానికి భుజం చాలు" అన్నాడు. "పద గోపాలన్."

మొదటి దెబ్బకు వరండాలో కాఫీ తాగుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు. మూడో గుంట దగ్గరికి, ముందు వెళ్లిన ఒక జంట తమ ఆట ఆపి చూడటానికి వచ్చింది. ఐదో గుంట దగ్గర పద్దెనిమిది అడుగుల దూరం నుంచి దొర్లించినది లోపలికి దిగింది. మిగిలిన జంటల వెంట వెళ్తూ చెట్ల కింద ఆగిన సంచి మోసేవాళ్లు చప్పట్లు కొట్టకూడదని తెలిసి కూడా కొట్టారు. గోపాలన్ నడక మారిపోయింది. ఆ గడ్డి మీద ఇన్నేళ్లూ తనే నడిచినట్టు నడుస్తున్నాడు.

వెనకాల శివప్రకాశం చెమటలు కక్కుతూ వస్తున్నాడు. ఏడో గుంట ఎక్కుడు దారి. గోపాలన్ డ్రైవర్ ఎత్తి, కాళ్లు సర్దుకుని, బంతి మీద చూపు నిలిపాడు. శివప్రకాశం సంచిని ఎడమ భుజం మీద ఒకసారి సర్దుకుని, రొప్పుతూ, "ఏమయ్యా గోపాలన్, ఈ సంచి ఇంత బరువుంటుందని ఇన్నేండ్లలో ఒక్కడు కూడా నాకు చెప్పలేదేందయ్యా?" అన్నాడు.

గోపాలన్ బంతి మీద నుంచి కళ్లు ఎత్తకుండా, "కొట్టేటప్పుడు పక్కన మాట్లాడకూడదు సార్" అన్నాడు.